పి91 ఆవిరి పైపు: లక్ష గంటల నడకకు చేరువలో ఒక సమీక్ష

మా విద్యుత్ కేంద్రంలోని సూపర్‌క్రిటికల్ యూనిట్ ఈ ఏడాది లక్ష గంటల నడకకు చేరువయింది. దాని మెయిన్ స్టీమ్ లైను (బాయిలర్ నుంచి టర్బైన్‌కు ఆవిరి తెచ్చే పైపు), హాట్ రీహీట్ లైను (ఒకసారి పనిచేసి మళ్లీ వేడెక్కిన ఆవిరిని తెచ్చేది), సూపర్‌హీటర్ చివరి హెడర్లు (ఎన్నో గొట్టాల ఆవిరి వచ్చి చేరే పెద్ద పైపులు), అన్నీ పి91 అనే ఉక్కుతో చేసినవే. పైపుల స్పూళ్లను లారీల మీద నుంచి దించుకున్న రోజు నుంచి ఇప్పటి వరకు వాటి బాగోగులు చూసే విభాగంలోనే నేను పనిచేస్తున్నాను. కాబట్టి ఈ సరుకును కొనబోయేవారికీ, ఇప్పటికే కొని వాడుతున్నవారికీ నా అనుభవాన్ని, దాని వెనుక ఉన్న లోహశాస్త్రాన్ని కలిపి చెప్పాలనిపించింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇది గొప్ప ఉక్కు. అయితే దాని బలమంతా మామూలు మైక్రోస్కోపుకు కూడా సరిగా అందని సూక్ష్మ అవక్షేపాల, అంటే ఉక్కు లోపల విడివడి పుట్టే రేణువుల, పరిమాణంలోనూ, వాటి మధ్య ఎడంలోనూ దాగి ఉంది. ఆ అవక్షేపాలను సరిగ్గా పుట్టించని పైపు మీద పి91 అని ఎంత లోతుగా ముద్ర కొట్టినా, అది పి91 పని చేయదు.

తొమ్మిది శాతం క్రోమియం, ఒక శాతం మాలిబ్డినం ఉన్న పాత ఉక్కుకు చిటికెడు వెనేడియం, నియోబియం, నైట్రోజన్ చేర్చి దీన్ని రూపొందించారు. 1970లలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో, ఫాస్ట్ బ్రీడర్ అణు రియాక్టర్ల అవసరాల కోసం ఆ పని మొదలైంది. 1980ల తొలి సగంలో అది ప్రమాణాల పుస్తకాల్లోకి ఎక్కింది, ఆ తరువాత బొగ్గు విద్యుత్ కేంద్రాలే దానికి ప్రధాన వినియోగదారులయ్యాయి. మన దేశంలో కల్పాక్కంలోని ప్రోటోటైప్ ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ ఆవిరి జనరేటర్లు కూడా ఈ ఉక్కుతోనే చేశారు.

దీన్ని ఎందుకు కొంటారో ఒక్క పోలికతో తెలుస్తుంది. 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర లక్ష గంటల తరువాత తెగేటట్టు చేసే ఒత్తిడి, యూరప్ ప్రమాణాల పట్టికల ప్రకారం, మనకు చిరకాలంగా అలవాటైన పి22 తరహా ఉక్కుకు 34 మెగాపాస్కళ్లు, జర్మనీలో పుట్టిన పన్నెండు శాతం క్రోమియం ఎక్స్20 ఉక్కుకు 59, పి91కు 94. అందువల్ల అదే ఆవిరికి పైపు గోడ మందం పి22తో పోలిస్తే సగానికి పైగా తగ్గించవచ్చు. కిలో ధర ఎక్కువైనా కిలోలు తగ్గుతాయి, వాటిని మోసే హ్యాంగర్లు తేలికవుతాయి, వెల్డింగ్‌లో నింపవలసిన లోహం తగ్గుతుంది. నా దృష్టిలో వీటన్నిటికన్నా పెద్ద లాభం వేరే ఉంది. మందపాటి గోడ లోపలి వైపు త్వరగా వేడెక్కి, బయటి వైపు వెనకబడి, ప్రతి స్టార్టప్‌లోనూ తనను తాను చీల్చుకునే ప్రయత్నం చేస్తుంది. పలచని గోడకు ఆ బాధ తక్కువ. పగలు సౌర విద్యుత్తు వచ్చినప్పుడల్లా లోడు దించి, సాయంత్రం మళ్లీ ఎక్కించవలసిన ఈ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. మా యూనిట్‌లో ఇన్నేళ్లలో హెడర్లకు గొట్టాలు అతికే స్టబ్ జాయింట్ల దగ్గర థర్మల్ ఫెటీగ్ (పదే పదే వేడెక్కి చల్లారడం వల్ల వచ్చే) పగుళ్లు కనపడలేదంటే దానికి పలచని గోడే ప్రధాన కారణమని నమ్ముతున్నాను.

ఇక అసలు విషయం. పాత పెంకుటింట్లో దూలాన్ని చూసినవారికి క్రీప్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. విరిగేంత బరువు ఏ ఒక్క రోజూ దాని మీద పడదు, అయినా నలభై ఏళ్లకు నడుము వంగి కనిపిస్తుంది. 565 డిగ్రీల ఆవిరిని లోపల పట్టుకున్న పైపు కూడా అలాగే, రోజూ కంటికి ఆననంత కొద్దిగా సాగుతూ ఉంటుంది. లోహంలోని పరమాణువుల వరుసల మధ్య ఉండే లోపాలు, వాటినే డిస్‌లొకేషన్లు అంటారు, వేడికి మెల్లగా కదలడం వల్ల ఈ సాగుదల జరుగుతుంది. వాటిని కదలనివ్వకుండా పట్టి ఉంచగలిగిన ఉక్కే వేడిని తట్టుకునే ఉక్కు.

పి91లో ఆ పట్టు రెండు అంచెల్లో వస్తుంది. ముందు పైపును 1040 నుంచి 1080 డిగ్రీల వరకు వేడిచేసి గాలిలో చల్లార్చితే మార్టెన్‌సైట్ అనే నిర్మాణం ఏర్పడుతుంది. ప్రతి గ్రెయిన్ (లోహపు స్ఫటికం) లోపల సన్నని పట్టీలు పక్కపక్కనే పేర్చినట్టు ఉంటుంది. తరువాత 730 నుంచి 800 డిగ్రీల మధ్య టెంపరింగ్ చేస్తారు, అంటే పెళుసుదనం తగ్గేలా మళ్లీ వేడిచేసి ఉంచుతారు. అవక్షేపాల్లో ఎక్కువ భాగం పుట్టేది అప్పుడే. క్రోమియం, కార్బన్ కలిసిన ఎం23సి6 అనే కార్బైడ్లు పట్టీల అంచుల మీదా, గ్రెయిన్ సరిహద్దుల మీదా కూర్చుంటాయి. అవి సుమారు వంద నానోమీటర్ల సైజులో ఉంటాయి. వెనేడియం, నియోబియం నైట్రోజన్‌తో, కార్బన్‌తో కలిసి ఎంఎక్స్ అనే రేణువులుగా పట్టీల లోపలంతా పరుచుకుంటాయి. ఇవి అంతకన్నా చాలా చిన్నవి, కొన్ని పదుల నానోమీటర్లే. పెద్ద పందిరిని గాలికి ఎగరకుండా ఉంచేది బలమైన నాలుగు గుంజలే కాదు, దగ్గర దగ్గరగా కట్టిన చిన్న చిన్న ముడులు కూడా. ఎం23సి6 గుంజల పని చేస్తే, ఎంఎక్స్ ముడుల పని చేస్తుంది.

ఈ ఏర్పాటు శాశ్వతం కాదు. ఈ ఉక్కు వయసుతో పాటు ఎలా బలహీనపడుతుందో తెలియకుండా దాన్ని కొనడం మంచిది కాదు కనుక ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను. మన ఇళ్లలో నెయ్యి నెమ్మదిగా పేరినప్పుడు పూస పెద్దదవుతుంది. త్వరగా చల్లారిన నెయ్యి నునుపుగా ఉంటుంది. ఉక్కులో కార్బైడ్లదీ అదే స్వభావం. వేడిలో ఏళ్ల తరబడి ఉంచితే చిన్న రేణువులు కరిగిపోతాయి, వాటిలోని క్రోమియం, కార్బన్ పక్కనున్న పెద్ద రేణువులను చేరి వాటిని ఇంకా పెంచుతాయి. మొత్తం పదార్థం అంతే ఉంటుంది గానీ రేణువుల సంఖ్య తగ్గి, వాటి మధ్య దూరం పెరుగుతుంది. ఆ సందుల్లోంచి పట్టీల అంచులు జరిగిపోతాయి, పట్టీలు కలిసి వెడల్పవుతాయి, డిస్‌లొకేషన్లకు దారి దొరుకుతుంది.

దీనికి తోడు కొత్త అవక్షేపాలు కూడా పుడతాయి. ఉక్కులో కరిగి ఉండి దానికి బలమిస్తున్న మాలిబ్డినం ఇనుముతో కలిసి లావెస్ ఫేజ్‌గా విడిపోతుంది. దీని తరువాత వచ్చిన, టంగ్‌స్టన్ ఉన్న పి92 ఉక్కులో ఇది మరింత ఎక్కువ. లావెస్ రేణువులు పుట్టిన కొత్తలో చిన్నవిగా ఉండి కొంత మేలే చేస్తాయి. తరువాత అవి ఎం23సి6 కన్నా ఎంతో పెద్దవై, అర మైక్రాన్ దాటి, గ్రెయిన్ సరిహద్దుల మీద గడ్డల్లా తయారవుతాయి. కరిగి ఉన్న మాలిబ్డినం బలం పోవడం ఒక నష్టం, ఆ గడ్డల చుట్టూ సూక్ష్మ రంధ్రాలు మొదలవడం మరో నష్టం.

అన్నిటికన్నా మోసకారి జెడ్ ఫేజ్. ఇది క్రోమియం, వెనేడియం, నియోబియం, నైట్రోజన్ కలిసిన నైట్రైడ్. ఉక్కుకు ఎక్కువకాలం అండగా నిలిచే ఎంఎక్స్ రేణువులనే తిని ఇది పెరుగుతుంది. కొన్ని పెద్ద జెడ్ రేణువుల కోసం వేలాది చిన్న ఎంఎక్స్ రేణువులు మాయమవుతాయి. క్రోమియం ఎంత ఎక్కువైతే ఇది అంత త్వరగా వస్తుంది. డెన్మార్క్ పరిశోధకులు హాల్డ్, డానియెల్సెన్ చేసిన పనితో ఈ సంగతి స్పష్టపడింది. తొమ్మిది శాతం క్రోమియం ఉన్న పి91లో జెడ్ ఫేజ్ చాలా నెమ్మదిగా వస్తుంది కాబట్టే అది నిలబడగలిగింది.

నిలబడలేనిదాని కథ కొనుగోలుదారులు తప్పక తెలుసుకోవాలి. 650 డిగ్రీల ఆవిరికి తుప్పు పొరను బాగా తట్టుకోవాలని క్రోమియాన్ని పన్నెండు శాతం దరిదాపులకు పెంచి, టంగ్‌స్టన్, రాగి చేర్చి జపాన్‌లో చేసిన ఉక్కు పి122. కొన్ని వేల గంటల పరీక్షల్లో అది పి91ను తేలికగా మించిపోయింది. ఆ పరీక్షల ఫలితాలను కలిపిన గీతనే లక్ష గంటల దాకా పొడిగించి దాని బలాన్ని అంచనా వేశారు. పదివేల గంటలు దాటాక గీత కిందికి వంగడం మొదలయింది, ఎందుకంటే ఎక్కువ క్రోమియం జెడ్ ఫేజ్‌ను తొందరగా తెచ్చింది. 2000ల మధ్యలో దానికి అనుమతించిన ఒత్తిడులను తగ్గించవలసి వచ్చింది. పి92 అంచనాలు కూడా యూరప్‌లో 600 డిగ్రీల దగ్గర 123 నుంచి 113 మెగాపాస్కళ్లకు దిగాయి. అందుకే ఏ కొత్త ఉక్కు ప్రచార పత్రం చూసినా నేను మొదట అడిగేది ఒకటే: అన్నిటికన్నా ఎక్కువకాలం నడిచిన పరీక్ష ఎన్ని గంటలది? మూడు వేల గంటల పరీక్షలతో లక్ష గంటల బలం చెప్పేవారి మాట నేను తీసుకోను.

ఇంత వరకు చెప్పిన క్షీణత అంతా సరిగ్గా తయారైన పి91కు సహజంగా వచ్చే వృద్ధాప్యం. మాకు ఎదురైనది అది కాదు. యూనిట్ నాలుగో ఏట జరిగిన ఓవర్‌హాల్‌లో, మెయిన్ స్టీమ్ లైను బాయిలర్ పైభాగం నుంచి నిలువుగా దిగే ముందు ఉన్న బెండుకు లాగింగ్ (వేడి పోకుండా చుట్టే కవచం) విప్పి, మామూలుగా కాఠిన్యం కొలుస్తున్నాము. పక్కనున్న నేరు పైపు మీద 212 బ్రినెల్ (కాఠిన్యపు కొలత) వచ్చింది. బెండు వెలుపలి వంపు మీద 171, 168, 174 వచ్చాయి. మా కుర్ర ఇంజినీరు మీటరు అంకెల వైపు చూసి, “సార్, మిషన్ తేడా చూపిస్తోందేమో, బ్లాకు మీద చెక్ చేద్దామా?” అన్నాడు. కాఠిన్యం ముందే తెలిసిన ఆ బ్లాకు మీద మీటరు సరిగానే చూపింది. పైపు ఉపరితలంలో కార్బన్ పోయిన మెత్తటి పొర ఉంటే అంకెలు తక్కువగా వస్తాయి కాబట్టి ఇంకో మిల్లీమీటరు అరగదీసి మళ్లీ కొలిచాము. 173. పి91 పైపుకు ప్రమాణం అడిగేది 190 నుంచి 250.

వెంటనే రెప్లికా తీయించాము. ఈ పనిని చూడని పాఠకుల కోసం నాలుగు మాటలు. ఎంచుకున్న చోట అరచేతి వెడల్పున ఎమరీ కాగితాలతో ఒకదాని తరువాత ఒకటి రుద్ది, చివర డైమండ్ పేస్టుతో అద్దంలా మెరిసేదాకా పాలిష్ చేస్తారు. పిక్రిక్ ఆమ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాల్ ద్రావణం దూదితో అద్దితే మెరుపు పోయి బూడిద రంగు తిరుగుతుంది. ఆ పైన అసిటోన్‌లో తడిపిన పలచని ప్లాస్టిక్ పొర అతికించి, ఆరాక ఒడుపుగా ఊడదీస్తే ఉక్కు ముఖం అచ్చు దాని మీద దిగుతుంది. దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, సన్నని పట్టీలు ఉండవలసిన చోట గుండ్రని, తెల్లని ఫెరైట్ (ఉక్కులో మెత్తటి నిర్మాణం) గ్రెయిన్లు, వాటి అంచుల్లో ఉబ్బిన కార్బైడ్ చుక్కలు కనిపించాయి. రసాయన విశ్లేషణ మాత్రం ఒక్క వంక లేకుండా పి91 అనే చెప్పింది.

బెండు వంచి ఇచ్చిన సంస్థ పేరు నేను ఇక్కడ రాయను. వారి కాగితాల్లో కాఠిన్యం 214 అని ఉంది. ఆరా తీస్తే అది బెండు మీద కొలిచినది కాదు, అదే హీట్ నంబరు (ఒకే విడతలో కరిగించిన ఉక్కు) పైపు ముక్క మీద కొలిచినదని తేలింది. వంచిన తరువాత మొత్తం బెండును తిరిగి 1050 డిగ్రీల వరకు తీసుకెళ్లి మళ్లీ టెంపర్ చేయకుండా, హీటింగ్ ప్యాడ్లు చుట్టి 760 దగ్గర టెంపరింగ్ మాత్రమే చేశారు. చార్టులో 760 గీత నేరుగానే ఉంది. కానీ వేడిని కొలిచే థర్మోకపుల్ ఉన్న చోటుకూ ప్యాడ్ గట్టిగా తాకిన వెలుపలి వంపుకూ మధ్య వేడి ఒకటి కాదు. మేము అర్థం చేసుకున్నంతలో, వంపు దగ్గర వేడి, ఉక్కు తిరిగి ఆస్టెనైట్‌గా (బాగా వేడిలో ఉక్కు తీసుకునే నిర్మాణంగా) మారడం మొదలయ్యే గీతను, అంటే 800 పై చిలుకు డిగ్రీలను, దాటి ఉంటుంది. తరువాత 760 వైపు దిగి గంటల తరబడి అక్కడే ఉండేసరికి అది మార్టెన్‌సైట్ కాకుండా మెత్తటి ఫెరైట్‌గా మారింది. ఆ బెండుకు ముడులూ లేవు, గుంజలూ లేవు. అది నాలుగేళ్లు నిలవడానికి డిజైన్‌లో పెట్టిన మార్జినే కారణం.

పి22 ఉక్కుతో ఇరవై ఏళ్లు పనిచేసినవారికి ఇది మింగుడుపడని విషయం. పి22 తప్పులను క్షమిస్తుంది. దాని కార్బైడ్లు మెల్లగా గుండ్రబడతాయి, దశలవారీగా పెద్దవవుతాయి, రెప్లికా చూసి ఏ దశలో ఉందో చెప్పవచ్చు. అంతేకాక దాని బలం మొదటి నుంచీ తక్కువే కాబట్టి డిజైనర్ మందంగా వేసి ఉంటాడు. పి91 అలా కాదు. పలచని గోడ అనే లాభం తీసుకున్నవాడు హీట్ ట్రీట్‌మెంట్‌లో పొరపాటు చేసే స్వేచ్ఛను వదులుకున్నట్టే.

వెల్డింగ్‌లో కూడా ఇదే పట్టుదల కావాలి. 200 డిగ్రీలకు పైగా ప్రీహీట్ చేసి వెల్డ్ చేయడం అందరికీ తెలుసు. ఎక్కువమంది తప్పేది ఆ తరువాత. జాయింట్ 100 డిగ్రీల లోపుకు చల్లారితేనే ఆస్టెనైట్ మొత్తం మార్టెన్‌సైట్‌గా మారుతుంది. ఆ తరువాతే పోస్ట్ వెల్డ్ హీట్ ట్రీట్‌మెంట్ మొదలుపెట్టాలి. షెడ్యూలు తొందరలో వేడి మీదే మొదలుపెడితే, మిగిలిన ఆస్టెనైట్ చివర్లో టెంపర్ కాని పెళుసు మార్టెన్‌సైట్‌గా మారుతుంది. ఎలక్ట్రోడ్‌లో నికెల్, మాంగనీస్ మోతాదు కూడా చూసి కొనాలి. ఆ రెండూ ఎక్కువైతే ఆస్టెనైట్ మొదలయ్యే గీతే కిందికి దిగుతుంది, అప్పుడు 770 డిగ్రీల దగ్గర చేసే హీట్ ట్రీట్‌మెంట్ కూడా ప్రమాదమే అవుతుంది.

అన్నీ సరిగ్గా చేసినా వెల్డ్ పక్కన ఒక బలహీనమైన పట్టీ మిగులుతుంది. వెల్డింగ్ వేడికి మూల లోహంలో ఒక సన్నని పొర పాక్షికంగా మాత్రమే మారి, దానిలోని ఎం23సి6 పూర్తిగా కరగకుండా ముద్దగా మిగులుతుంది. ఏళ్ల తరువాత పగులు సరిగ్గా అక్కడే వస్తుంది. దాన్ని టైప్ 4 పగులు అంటారు. అది తరచుగా గోడ లోపల మొదలవుతుంది కాబట్టి పైన తీసిన రెప్లికా శుభ్రంగా ఉన్నా నిశ్చింతగా ఉండకూడదు, అల్ట్రాసోనిక్ పరీక్ష కూడా చేయించాలి. ఇది ఈ ఉక్కు మీద నాకున్న అసలైన ఫిర్యాదు, ఎందుకంటే దీన్ని ఏ జాగ్రత్తా పూర్తిగా తీసివేయలేదు. జపాన్‌లోని నిమ్స్ అనే పదార్థ పరిశోధన సంస్థలో ఆబే బృందం బోరాన్‌ను కొలిచి చేర్చితే ఎం23సి6 ముతకబడటం తగ్గుతుందనీ, వెల్డ్ పక్క పట్టీ కూడా నిలుస్తుందనీ చూపించింది. ఆ దారిలో వచ్చిన ఉక్కులు మామూలు కొనుగోలు పట్టికల్లోకి త్వరగా రావాలని కోరుకుంటున్నాను.

కొనేవారు రసాయన పట్టికలో మర్చిపోకుండా చూడవలసిన గడి మరొకటి ఉంది. ఉక్కు కరిగించేటప్పుడు ఆక్సిజన్ తీయడానికి వేసే అల్యూమినియం మిగిలిపోతే, అది నైట్రోజన్‌ను తనతో కట్టేసుకుని అల్యూమినియం నైట్రైడ్‌గా మారుతుంది. అప్పుడు వెనేడియంకు నైట్రోజన్ దొరకదు, ఎంఎక్స్ ముడులు పడవు. విడివిడిగా చూస్తే నైట్రోజన్, అల్యూమినియం రెండూ పరిమితుల్లోనే ఉండవచ్చు. అందుకే రెండింటి నిష్పత్తి చూడాలి. మా కొత్త కొనుగోలు ఆర్డర్లలో అది కనీసం 4 ఉండాలని రాస్తున్నాము.

వేడి సంగతి కూడా ఒక మాట. 600 డిగ్రీల పరిసరాల్లో ఆవిరి ఎప్పుడూ పది డిగ్రీలు ఎక్కువగా నడిస్తే ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. ఆపరేటర్లు అటెంపరేటర్‌ను (నీరు చల్లి ఆవిరి వేడిని అదుపులో ఉంచే పరికరాన్ని) ఎంత శ్రద్ధగా చూసుకుంటే ఈ పైపు అంతకాలం బతుకుతుంది. కంట్రోల్ రూమ్‌లో ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్లు ఎప్పుడూ తీసిపారేయలేదని కృతజ్ఞతతో చెబుతున్నాను.

మళ్లీ కొంటానా అంటే, 565 డిగ్రీల మెయిన్ స్టీమ్‌కు పి91నే కొంటాను. 593 డిగ్రీల రీహీట్‌కు పి92 వైపు చూస్తాను, కానీ తగ్గించిన బలం అంకెలతోనే లెక్క వేయమంటాను. ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. తగ్గించిన ఒక్క మార్కు టైప్ 4 పట్టీకి. బెండ్లు మాత్రం వంచిన తరువాత ఫర్నేసులో పూర్తిగా నార్మలైజ్ (1040 డిగ్రీలకు పైగా వేడిచేసి గాలిలో చల్లార్చడం), టెంపర్ చేసినవే తీసుకుంటాను. కాఠిన్యం ప్రతి బెండు మీద, వెలుపలి వంపు, లోపలి వంపు, పక్కలు, అన్ని చోట్లా మా మనిషి ఎదురుగా కొలవాలి. పైపు ముక్క మీద కొలిచిన అంకె నాకు అక్కర్లేదు.

భారత బాయిలర్ నిబంధనల ప్రకారం క్రీప్ వేడిలో పనిచేసే భాగాలకు లక్ష గంటల తరువాత మిగిలిన ఆయుష్షు అంచనా వేయించాలి. మా యూనిట్‌కు ఆ పని వచ్చే ఓవర్‌హాల్‌లో ఉంది. పాత బెండు స్థానంలో వేసిన కొత్త బెండు మీద కొలిచిన ప్రతి చోటునూ పంచ్‌తో గుర్తు పెట్టి, నంబర్లు వేసి ఉంచాము. వెలుపలి వంపు మీద రెండో నంబరు గుర్తు దగ్గర కిందటిసారి 207 వచ్చింది. లాగింగ్ విప్పగానే మొదట కొలిచేది అక్కడే.